మాట అక్కర్లేని కోట

నేను దాదాపు రెండేళ్ళు ఒక మగవాడి పేరు పెట్టుకుని యుద్ధాలు చేశానని ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. డైరీలో కూడా రాసుకోలేదు. నా డైరీ అమ్మ చదువుతుందని నాకు తెలుసు. అందుకే అందులో కాలేజీ కబుర్లు, చదివిన నవలల సంగతులు తప్ప ఏమీ ఉండేవి కావు. నాచారంలో ఒక నెట్ సెంటర్లో, కౌంటర్ పక్కనే ఆడపిల్లలకని విడిగా పెట్టిన కంప్యూటర్ మీద, పైకి కాలేజీ అసైన్‌మెంటు కనబడేలా పెట్టుకుని, దాని వెనక నేను ఒక కోట కుడిగోడకు కాపలా కాసేదాన్ని. ఆ కోటకు దళపతిగా ఉన్న మనిషి గురించే ఇది.

మొన్న నాచారం చౌరస్తాలో షేర్ ఆటో కోసం నిలబడి ఉంటే, కరెంటు స్తంభానికి కట్టిన ఫ్లెక్సీలో ఆయన మొహం కనిపించింది. పైన ‘అశ్రునివాళి’ అని, కింద ‘ప్యాకింగ్ సెక్షన్ మిత్రబృందం’ అని ఉంది. ఎవరి పెళ్ళిలోనో నలుగురితో దిగిన ఫొటోలోంచి ఆయన్నొక్కణ్ణే కత్తిరించి తీసినట్టున్నారు. భుజం మీద ఇంకెవరిదో చెయ్యి అలాగే ఉండిపోయింది. పక్కనే ఉన్న పాన్ డబ్బా అతన్ని అడుగుదామా వద్దా అని రెండు ఆటోలు వదిలేశాక అడిగాను.

"కామెర్లు ముదిరినయి మేడం. ఆఖర్ల దవాఖానల ఏసిన్రు, ఏం లాభం లేకపాయె. ఆయనకు ఎవ్వరు లేరు గద. కంపెనీవోళ్ళే బండి మాట్లాడి ఊరికి తీస్కపోయిన్రు."

"ఏ ఊరికి?"

"జగిత్యాల దిక్కు అంటరు."

జగిత్యాల కాదు, జనగామ. ఆ పొరపాటు ఎలా పుట్టిందో నాకు తెలుసు.

ఆయనకు నత్తి. మాట గొంతు దాకా వచ్చి అక్కడ ఆగిపోయేది. కళ్ళు గట్టిగా మూసుకునేవాడు, గడ్డం పైకి లేచేది, మెడ నరాలు ఉబ్బేవి. ఎదుటివాళ్ళు చూడలేక ఆ మాట వాళ్ళే పూర్తి చేసేవాళ్ళు. వాళ్ళు తప్పుగా పూర్తి చేసినా ఆయన సరేనని తలూపేవాడు. "ఏ ఊరన్నా మీది?" అని ఎవరో అడిగితే "జ... జ..." దగ్గర ఆగిపోయాడు. "జగిత్యాలనా?" అంటే తలూపాడు. అంతే, ఆ రోజునుంచి జగిత్యాల మనిషి అయిపోయాడు. టీ కొట్టు దగ్గర ఉప్పు బిస్కెట్లు కావాలనుకుంటే తీపివి చేతిలో పెట్టేవాళ్ళు. తినేవాడు. అలా తనవి కాని మాటలతోనే ఆయన రోజు గడిచిపోయేది.

మందుల కంపెనీలో ప్యాకింగ్ పని. మాత్రల అట్టలకు అంటించే వెండిరేకు పొడి వేళ్ళ కొసలకు ఎప్పుడూ మెరుస్తూ ఉండేది. ఎండాకాలంలో కూడా చొక్కా చేతులకు గుండీలు పెట్టుకునేవాడు. ఆయన్ని నేను మొదట గమనించింది షేర్ ఆటోలో. దిగాల్సిన చోట అందరూ "ఆపు" అని అరుస్తారు. ఆయన ఆ మాట అనేలోపు ఆటో ఫర్లాంగు దూరం పోతుంది. అందుకని గది తాళంచెవితో ఆటో ఇనుపకడ్డీ మీద టకటకమని కొట్టేవాడు. ఉప్పల్-నాచారం దారిలో డ్రైవర్లకు అది అలవాటైపోయింది. "తాళంచెవి అన్న దిగుతుండు" అని ఆపేవాళ్ళు. కొత్త డ్రైవరైతే "నా బండి సొట్ట వడ్తది, నోరు లేదా?" అని కసిరేవాడు. ఆయన నవ్వి దిగిపోయేవాడు. ఆ నవ్వు నాకు నచ్చేది కాదు. నేను కాలేజీలో అటెండెన్స్ పిలిచినప్పుడు గొంతు రాక చెయ్యి ఎత్తి నవ్వుతాను చూడండి, అలాంటి నవ్వే అది.

అలాంటి మనిషి కోట లోపల ఇంకో మనిషి.

అది నెట్‌లో ఆడే ఆట. వేలమంది ఒకేసారి ఆడతారు. పొలాలు, గనులు, అంగడి, కోటలు. దళాలుగా చేరి కోట కట్టుకోవాలి, వేరే దళాలు మీదికొస్తే కాపాడుకోవాలి. మాట్లాడుకోవడమంతా టైపు చేసే. నేను రణధీర్ అని పేరు పెట్టుకుని ఒక దళంలో చేర్చుకోమని అడిగాను. సర్దార్ అనే పేరుతో జవాబు వచ్చింది, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు.

"ఏం వస్తది నీకు?"

"కొట్టడం రాదు. నిలబడగలను," అని రాశాను.

"నిలవడెటోళ్ళే తక్కువున్నరు. కుడిగోడ కాడ ఉండు."

ఆ సర్దార్ మాట అంటే దళంలో అందరికీ గౌరవం. నాగపూర్‌లో ఒక మెకానిక్, వరంగల్‌లో హాస్టల్ పిల్లలు, ఢాకాలో ఒక దర్జీ, విజయవాడలో ఒక బ్యాంకు ఉద్యోగి, ఇంకా ఎంతమందో. ఎవరికి ఏ భాష వస్తే ఆ భాషలో వచ్చీరానిదైనా రాసేవాడు. జోకులు వేసేవాడు. ఓడిపోయినవాణ్ణి అందరి ముందూ ఏమీ అనేవాడు కాదు, పక్కకు పిలిచి చెప్పేవాడు. "ఉర్కకు. ఉర్కితే ఎన్క ఉన్నోడు గూడ ఉర్కుతడు," అని ఒకసారి నాకు రాశాడు. నేను ఉరకలేదు.

ఆ సర్దార్ ఎవరో నాకు తెలిసింది కీబోర్డు చప్పుడు వల్ల. నా వెనక క్యాబిన్లో ఎవరో రెండు వేళ్ళతో వడగళ్ళ వానలా కొడుతుంటే, అది ఆగిన మరుక్షణం నా తెర మీద సర్దార్ మాట ప్రత్యక్షమయ్యేది. ప్రింటు కోసం లేచినట్టు లేచి చూశాను. తాళంచెవి మౌస్ పక్కన పెట్టి ఉంది. వెన్ను నిటారుగా పెట్టుకుని కూర్చున్నాడు. ఆటోలో ఆయన భుజాలు అలా ఉండగా ఎప్పుడూ చూడలేదు.

నెట్ సెంటర్ నడిపే అన్నకు తప్ప అక్కడున్న కుర్రాళ్ళెవరికీ ఆయనంటే లెక్కలేదు. వాళ్ళలో ఎర్రటోపీ పెట్టుకునేవాడొకడు మరీ.

"అన్నా, ఇయ్యాల ఏమన్న భాషణ్ ఇస్తవా?" అనేవాడు వాడు, క్యాబిన్ మీదినుంచి తల పెట్టి.

"ఊకో ర బై," అనేవాడు నెట్ సెంటర్ అన్న. "నువ్వు నోటితోని ఆడ్తవు, ఆయన చేతితోని ఆడ్తడు."

ఆట బాగా నడిచినన్నాళ్ళు ఎవరి లోకం వాళ్ళది. పెద్ద అప్‌డేట్ వచ్చాక మొదలైంది అసలు కష్టం. కొత్త దేశం, కొత్త ఆయుధాలు అని నెల ముందునుంచి ఊదరగొట్టారు. నెట్ సెంటర్ అన్న పొద్దున్నే ఒక కంప్యూటర్లో ఆ ఫైలు దించడం మొదలుపెడితే సాయంత్రానికి దిగింది. దాన్ని పెన్‌డ్రైవులో పెట్టుకుని ఒక్కో కంప్యూటరుకు ఎక్కిస్తుంటే, కుర్రాళ్ళు పెళ్ళి బంతిలో విస్తరి కోసం చూసినట్టు చూస్తూ నిలబడ్డారు. అన్నిటికీ ఎక్కింది. అందరూ ఒకేసారి కూర్చున్నారు. తెర మీద ఒక చక్రం తిరగడం మొదలుపెట్టింది. తిరుగుతూనే ఉంది. తర్వాత ‘సర్వర్‌తో సంబంధం తెగిపోయింది’ అని వచ్చింది.

"ఏందన్నా నీ నెట్టు, బర్రె ఎక్కి పోయినట్టుంది!"

"నాది గాదు ర, ఆడ సర్వరే పండుకుంది. అన్ని ఊర్లల్ల గిట్లనే ఉందంట."

ఆ పూటతో పోలేదు. వారాల తరబడి అదే. లోపలికి వెళ్తే నడక ముక్కలుముక్కలుగా కనబడేది. కత్తి ఎత్తితే అది దిగేసరికి శత్రువు వెళ్ళిపోయి ఉండేవాడు. బాగా ఆడుతున్నప్పుడు చటుక్కున బయటికి విసిరేసేది. తిరిగి లోపలికి వెళ్ళేసరికి గోడ కూలి ఉండేది. ఒకరోజు సర్వరును వెనక్కి తిప్పామని, ఆ మధ్య జరిగినవేవీ లెక్కలో ఉండవని నోటీసు పెట్టారు. మేం రాత్రనకా పగలనకా కట్టుకున్న ఉత్తరపు బురుజు మాయమైంది. దానికి రాళ్ళు మోసిన ఢాకా దర్జీ "నా కష్టం ఎక్కడికి పోయింది?" అని ఒక్క ముక్క రాసి వెళ్ళిపోయాడు, చాలారోజులు రాలేదు. ఎర్రటోపీ వాడు మౌస్‌ను బల్లకేసి కొట్టి పగలగొట్టాడు. ఇంకొకడు ఏడ్చాడు కూడా, కాకపోతే తెర వైపు తిరిగి ఏడ్చాడు. పెద్దవాళ్ళెవరైనా చూస్తే నవ్వేవాళ్ళే. అదేమన్నా నిజం ఇల్లా, నిజం పొలమా అని. కానీ ఇంట్లో, కాలేజీలో, కంపెనీలో తమది అంటూ ఏమీ లేనివాళ్ళే అక్కడ ఎక్కువమంది.

ఆట నడిపే కంపెనీని అందరూ అమ్మనాబూతులు తిట్టారు. సర్దార్ ఒక్కడే తిట్టనివ్వలేదు. "ఆడ కూసున్నోడు గూడ నౌకరి జేసుకునేటోడే. తిడ్తే సర్వర్ వస్తదా? అర్జీ పెడ్దాం," అని రాశాడు.

ఆ మర్నాడు నేను అసైన్‌మెంటు వెనక దాక్కుని ఉండగా నా పక్కన నీడ పడింది. ఆయనే. నోరు తెరవలేదు. నా కీబోర్డు తన వైపు కాస్త జరుపుకుని, నోట్‌ప్యాడ్ తెరిచి టైపు చేశాడు.

"రణధీర్ గారు, జర ఇంగ్లీష్ సరిజేస్తరా."

నాకు చెవులు వేడెక్కాయి. "మీకెట్లా తెలుసు?" అన్నాను.

"ఈ ఒక్క సిస్టం హ్యాంగ్ అయినప్పుడల్లా కుడిగోడ ఖాళీ అయితది. ఎవలకు జెప్ప. ఫికర్ జెయ్యకు చెల్లె."

ఆయన రాసుకొచ్చిన కాగితం ఇంకా కళ్ళకు కట్టినట్టుంది. కరెంటాఫీసుకో మున్సిపాలిటీకో ఇచ్చే వినతిపత్రం లాగా, ‘గౌరవనీయులైన అయ్యా, తమకు మనవి చేసుకునునది ఏమనగా’ అన్న మాటలు ఇంగ్లీషులో మొదలయ్యాయి. కింద దళంలో అందరి పేర్లు, ఊళ్ళు. చివర ‘తమ దయ కోరు’ అని. నేను తప్పులు దిద్దాను, ఆ మర్యాదలు మాత్రం ఉంచేశాను. పంపిన నిమిషంలో జవాబు వచ్చింది. మీ సమస్య మాకు ఎంతో ముఖ్యం, ఆటను తీసేసి మళ్ళీ వేసుకోండి అని. ఆయన ఎంత సంతోషించాడో. వాళ్ళు చదివారనే అనుకున్నాడు. అన్ని కంప్యూటర్లలో తీసేసి మళ్ళీ వేయించాడు. ఆ లైను మీద అందుకు ఒక రోజంతా పట్టింది. చక్రం తిరుగుతూనే ఉంది. రెండో అర్జీకీ అదే జవాబు, ఒక్క అక్షరం తేడా లేకుండా. మూడోదానికి జవాబు రాగానే ఆయన దాన్ని చదవలేదు. జవాబు వచ్చిన వేగాన్ని చూసి, అది మనిషి చదివి రాసింది కాదని తెలిసి ఊరుకున్నాడు.

అవి ప్రత్యేక రాష్ట్రం కోసం రోడ్ల మీద బందులు, రాస్తారోకోలు జోరుగా సాగుతున్న రోజులు. రామంతాపూర్ కాలేజీనుంచి వస్తున్న మా బస్సు ఒక మధ్యాహ్నం ఉప్పల్ చౌరస్తా దగ్గర ఆగిపోయింది. రోడ్డుకు అడ్డంగా వందలమంది కూర్చుని ఉన్నారు. పక్కన పొయ్యిలు పెట్టి వంటా వార్పూ చేస్తున్నారు. మాది కోస్తానుంచి వచ్చిన కుటుంబం. నాన్న ఇక్కడ సర్కారు పరిశోధనా సంస్థలో ఉద్యోగి. బస్సు ఆగితే కిందికి దిగొద్దని, నోరు విప్పొద్దని ఇంట్లో నాకు గట్టిగా చెప్పి పంపేవారు. నోరు విప్పకపోవడం నాకు కొత్తగా నేర్చుకోవాల్సిన పని కాదు. కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. ఆ జనంలో ఆయన కనిపించాడు. పిడికిలి ఎత్తి అందరితో పాటు నినాదం ఇస్తున్నాడు. ఒక మాట కాదు, పొడుగు పొడుగు మాటలు. ఎక్కడా ఆగడం లేదు. కళ్ళు తెరిచే ఉన్నాయి. మెడ నరాలు మామూలుగా ఉన్నాయి. నినాదం ఇస్తున్నవాడు ఊపిరి తీసుకోవడానికి ఆగితే, పక్కన ఉన్న ఆయన నోరు కూడా మూసుకునేది. మళ్ళీ అందరూ అందుకోగానే ఆయనా అందుకునేవాడు.

తర్వాత నేను ఆ సంగతి ఎత్తితే నోట్‌ప్యాడ్‌లో రాశాడు. "పది మందిల కలిస్తే నాకు నత్తి రాదు. గందుకే పోత."

ఒక్కడే మాట్లాడాల్సి వచ్చినప్పుడు ఏమయ్యేదో నెట్ సెంటర్ అన్న చెప్పాడు. పెళ్ళిచూపులకు వెళ్తే పిల్ల తండ్రి మర్యాదకు "పేరేంది బాబూ?" అన్నాడట. నత్తి ఉన్నవాళ్ళకు అన్నిటికంటే కష్టమైనది సొంత పేరేనట. వేరే మాటైతే తప్పించుకుని ఇంకోటి వాడొచ్చు, పేరుకు ఇంకో పేరు ఉండదు కదా. లోపలినుంచి ఆడవాళ్ళు "మూగోడా ఏంది?" అనడం వినబడిందట. ఆ తర్వాత ఆయన ఎవరింటికీ చూపులకు వెళ్ళలేదు.

ఉప్పల్ రోడ్డు మీద కూర్చుని వచ్చినవాడికి కోటలో ఏం చేయాలో తోచింది. దళమంతటికీ కబురు పెట్టాడు. ఆదివారం మధ్యాహ్నం అందరూ ఆటలోని రాజధాని అంగడి ద్వారం ముందు కూర్చోవాలి. కత్తి ఎత్తొద్దు, తిట్టొద్దు, కూర్చోవడమే. ఆ ఆటలో మనుషులు ఒకరిలోంచి ఒకరు దూరిపోలేరు. కాబట్టి దారి నిండిపోతే అంగడి బంద్ అవుతుంది, అప్పుడు కంపెనీ దిగొస్తుంది. మా దళమే కాదు, మాతో ఎప్పుడూ కొట్లాడే దళాలవాళ్ళు కూడా వచ్చారు. నేనూ వెళ్ళి వాళ్ళ మధ్యన కూర్చున్నాను. ద్వారం ముందు నేల కనిపించకుండా మనుషులు. డాలు పక్కన పెట్టుకుని ఢాకా దర్జీ. సర్దార్ సగం మాట రాస్తే మిగతా సగం అందరూ రాస్తున్నారు.

"మనకేం గావాలె?"

"సర్వర్ గావాలె!"

నాగపూర్ మెకానిక్‌కు తెలుగు రాదు. అయినా అక్షరం అక్షరం చూసి అదే రాశాడు. నెట్ సెంటర్లో ఎర్రటోపీ వాడు నోటితో కూడా అరవడం మొదలుపెట్టాడు. వెనక క్యాబిన్లోంచి ఆ అరుపుతో కలిసి ఇంకో గొంతు వినిపించింది. ఆటోలో వినని గొంతు, ఉప్పల్లో కిటికీలోంచి విన్న గొంతు. వాడు ఒక్క క్షణం ఆగి వెనక్కి చూశాడు. ఆగగానే ఆ గొంతూ ఆగింది. వాడేమనుకున్నాడో, మళ్ళీ అరిచాడు. ఆయనా అరిచాడు.

అంతమంది ఒక్కచోట కూర్చుంటే ఏమవుతుందో మాకెవరికీ తెలియదు. రోడ్డు మీద ఎంతమంది కూర్చున్నా రోడ్డు కూలదు. అసలే జబ్బుపడి ఉన్న ఆ సర్వరు అంతమందిని ఒకే ద్వారం ముందు మోయలేకపోయింది. మొదట మనుషులు కదలడం మానేశారు, తర్వాత మాటలు ఆగాయి, తర్వాత తెరలన్నీ నల్లబడ్డాయి. మా దళానికే కాదు, ఆ ఆట ఆడే అందరికీ.

సర్వరు తిరిగి లేచాక నోటీసు ఉంది. ‘సర్వర్ మీద కావాలని దాడి చేసినందుకు’ దాన్ని నడిపించిన ఖాతాను శాశ్వతంగా మూసేశాం, మిగతావాళ్ళకు ఇది హెచ్చరిక అని. నోటీసులో పేరు లేదు, కానీ ఆ ఖాతా సర్దార్‌ది.

ఆయన ఆ నోటీసును చాలాసేపు చూశాడు. "ద... దాడి?" అన్నాడు. అదొక్కటే.

కొత్త ఖాతా తెరవమన్నారు నెట్ సెంటర్లో అందరూ. తెరిచాడు కూడా. కానీ కొత్తగా వచ్చినవాడు అందులో చినిగిన అంగీతో పొలంలో నిలబడతాడు, వాడికి దళంలో మాట్లాడే హక్కుండదు. దానికి తోడు, నేనే సర్దార్‌నని చెప్పుకునే ఆకతాయిలు అప్పటికే నలుగురు తయారయ్యారు. ఆయన అయిదోవాడయ్యాడు. నాగపూర్ మెకానిక్‌కు విడిగా రాస్తే, అతను ఆయన్నే "దొంగనాకొడకా, ఆయన పేరు ఎత్తకు" అని హిందీలో తిట్టాడు. అది చదివి ఆయన కోపం తెచ్చుకోలేదు. "మంచిగ అన్నడు," అని నోట్‌ప్యాడ్‌లో రాసి, ఆ కొత్త ఖాతా తీసేశాడు.

ఇక మిగిలింది ఫోను. ఆ ఆటను మన దేశంలో నడిపేవాళ్ళ ఆఫీసు వేరే నగరంలో ఉంది. ఖాతా తిరిగి కావాలంటే ఒక నంబరుకు ఫోన్ చేయాలి. ఆయన నా దగ్గరకొచ్చి నిలబడ్డాడు. నాకు కొత్తవాళ్ళతో ఫోన్లో మాట్లాడాలంటే అరచేతులు తడుస్తాయి. అయినా మాట్లాడతానన్నాను. ఏం చెప్పాలో కాగితం మీద రాసుకుని, కౌంటర్ మీద ఫోన్లోంచి చేశాను. ఎవరో అమ్మాయి ఎత్తింది. కాగితంలో ఉన్నదంతా చదివేశాను.

"ఖాతా మీదేనా?" అంది ఇంగ్లీషులో.

"మా అన్నది."

"అయితే ఆయన్నే పేరు, పుట్టినతేదీ చెప్పమనండి. ఇంకెవరు చెప్పినా కుదరదు."

"ఆయనకు మాట సరిగ్గా రాదండీ."

"పేరొక్కటి చెబితే చాలు మేడం."

ఫోను ఆయనకిచ్చాను. ఆయన ఎడమచేత్తో కౌంటర్ అంచు పట్టుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. కుర్రాళ్ళు హెడ్‌ఫోన్లు తీసి చూస్తున్నారు. ఎర్రటోపీ వాడి పెదాలు కదలడం చూశాను. ఆయన పేరు వాడు లోపల్లోపల అంటున్నట్టుంది, సాయంగా. ఫోన్లోంచి "హలో, హలో సర్, నాకు వినబడటం లేదు" అని ఆ అమ్మాయి గొంతు. ఆయన గొంతులోంచి వచ్చింది ఊపిరి మాత్రమే. లైను కట్టయింది.

మళ్ళీ చేశాం. మళ్ళీ నేనే మాట్లాడి ఆయనకిచ్చాను. ఈసారి ఎత్తినది ఎవరో మగవాడు. కాసేపు ఆ ఊపిరి విన్నాడు. తర్వాత గట్టిగా, మాకందరికీ వినబడేంత గట్టిగా, హిందీలో మొదలుపెట్టాడు. ఆడపిల్లతో చేయించి తర్వాత ఈ వెధవ వేషాలేమిటి, నంబరు పోలీసులకిస్తాం అని. ఆయన చివరిదాకా విన్నాడు. రిసీవరు మీద ఉమ్మి తుంపర్లు పడ్డాయనుకున్నాడేమో, చొక్కా చేతితో దాన్ని తుడిచి మెల్లగా పెట్టాడు. నెట్ సెంటర్ అన్న "కూసో అన్నా, చాయ్ చెప్త" అన్నాడు. ఆయన తలూపి బయటికి వెళ్ళిపోయాడు.

తర్వాత కూడా వస్తూనే ఉన్నాడు. కంప్యూటర్ తీసుకునేవాడు కాదు. నా వెనక నిలబడి మా దళం మాటలు చదివేవాడు. సర్వర్ కాస్త కుదుటపడుతున్న కొద్దీ ఆ మాటలు మారాయి. సర్దార్ ఎక్కడికి పోయాడని మొదలై, ఎందుకు పోయాడని, చివరికి కంపెనీతో కుమ్మక్కయ్యాడని. వరంగల్ హాస్టల్ కుర్రాడొకడు రాశాడు, "అమ్ముడువోయిండు" అని. బయట రోడ్ల మీద ఆ రోజుల్లో నాయకుడు ఒక్క పూట కనబడకపోతే వినిపించే మాటే అది. నేను గబగబా తెర కిందికి జరిపేశాను. ఆయన నా మౌస్ మీద చెయ్యి పెట్టి మళ్ళీ పైకి జరిపాడు. చదివాడు.

నోట్‌ప్యాడ్ తెరిచాడు. "సర్దార్ సచ్చిపోయిండని రాయి."

"అన్నా, అట్లా అనకండి."

"బతికుంటే అమ్ముడువోయినోణ్ణే అయిత. రాయి చెల్లె."

తల తిప్పి చూస్తే ఆయన మొహంలో బతిమాలుడేమీ లేదు. నన్ను కుడిగోడ దగ్గర ఉండమన్నప్పుడు ఆయన మొహం ఇలాగే ఉండి ఉంటుంది. రాశాను. సర్దార్ మా అన్న, జ్వరమొచ్చి చనిపోయాడు, ఖాతా మూసినప్పటినుంచి సరిగ్గా తిండి తినలేదు అని. ఆ చివరిది నేను కల్పించింది కాదు, నెట్ సెంటర్ అన్న చెప్పిందే.

ఆయన ఉండకుండా వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం, ఆ మర్నాడు మా పాత కోట ముందుకు మనుషులు వచ్చారు. గుంపుగా కూర్చుంటే మళ్ళీ ఏమవుతుందోనని ఒక్కొక్కరే వచ్చి, డాలు నేలమీద పెట్టి, ఒక మాట రాసి వెళ్ళారు. రాస్తుండగానే కొందరిని సర్వరు బయటికి తోసేసింది. వాళ్ళు తిరిగి వచ్చి మళ్ళీ మొదటినుంచి రాశారు. తన బ్యాంకు ఉద్యోగం పోయిన సంగతి ఇంట్లో కంటే ముందు చెప్పుకున్నది ఆయనకే అని విజయవాడ మనిషి. ఆయన గొంతు ఎలా ఉంటుందో ఒక్కసారీ వినలేకపోయానని నాగపూర్ మెకానిక్. అమ్ముడుపోయాడన్న కుర్రాడు ఏమీ రాయలేదు, డాలు పెట్టి చాలాసేపు నిలబడ్డాడు. ఢాకా దర్జీ తన భాషలో ఏదో పొడుగ్గా రాశాడు. అది మాలో ఎవరికీ అర్థం కాలేదు, ఎవరూ చెరపలేదు.

అవన్నీ ప్రింటు తీయించాను. నెట్ సెంటర్ అన్న పిన్ను కొట్టి ఇచ్చాడు, ఇవేమిటని అడగలేదు. ఆయన షిఫ్టు అయిపోయి వచ్చాక మెట్ల దగ్గర ఆ కాగితాలు చేతికిచ్చాను. గోడకు ఆనుకుని నిలబడి చదివాడు. ఒక్కో కాగితం వెనక్కి తిప్పుతుంటే వేళ్ళ వెండిపొడి అంచులకు అంటింది. తనకు రాని భాషలో ఉన్నదాన్ని కూడా చివరిదాకా చూశాడు. తర్వాత వాటిని మడిచి చొక్కా లోపలి జేబులో పెట్టుకున్నాడు.

ఆ పూట తర్వాత ఆయన్ని నేను చూడలేదు. నన్ను ఇంట్లో పరీక్షలకని కట్టేశారు, ఆయన షిఫ్టు మారిందన్నారు, ఏడాది తిరక్కుండా నెట్ సెంటర్ ఎత్తేసి అక్కడ సెల్‌ఫోన్ దుకాణం పెట్టారు. ఆ పూట, కాగితాలు జేబులో పెట్టుకున్నాక, ఆయన ఒకటో రెండో మెట్లు దిగి ఆగాడు. నా వైపు తిరిగాడు. మాట రావడానికి ఎప్పటిలాగే చాలాసేపు పట్టింది. నేను దాన్ని పూర్తి చేయకుండా నిలబడ్డాను.

"మ... మస్తు మంది వచ్చిన్రు, చెల్లె."